నలుపును నిలిపే బలం, తెలుపును కాచే బలం

1938 అక్టోబర్ 22. న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో ఒక అద్దె గది. ఒక కంపెనీ పేటెంట్ల విభాగంలో పనిచేసే చెస్టర్ కార్ల్‌సన్, ఆస్ట్రియా నుంచి వలస వచ్చిన ఓటో కోర్నై గదిని చీకటి చేశారు. గంధకం పూసిన జింకు పలకను చేతిరుమాలుతో గట్టిగా రుద్దారు. ఆ రోజు తేదీ, ఊరి పేరు సిరాతో రాసిన గాజు ముక్కను దానిపై పెట్టి, కొన్ని క్షణాలు దీపం వెలుగు పట్టించారు. గాజు తీసి, లైకోపోడియం మొక్క సిద్ధబీజాల పొడి చల్లి ఊదారు. అంటని పొడి ఎగిరిపోయింది, అక్షరాలు నిలిచాయి. మైనపు కాగితం అద్ది వాటిని ఎత్తారు. ప్రపంచంలో తొలి జిరాక్స్ కాపీ అదే.

అందులోని సూత్రం పాతదే. విద్యుదావేశాలు రెండు రకాలని ఫ్రాన్స్‌లో డ్యూ ఫే 1733లోనే గుర్తించాడు. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి. వాటి మధ్య దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుందని 1785లో కూలుంబ్ కొలిచి చూపాడు. ఆవేశమున్న పలకపై పొడి చల్లితే బొమ్మలు ఏర్పడతాయని జర్మనీలో లిచెన్‌బర్గ్ 1777లోనే చూశాడు. కార్ల్‌సన్ దీనికి వెలుగును జోడించాడు. గంధకం చీకట్లో ఆవేశాన్ని పట్టి ఉంచుతుంది, వెలుగు తగిలిన చోట వదిలేస్తుంది. అక్షరం నీడ పడిన చోట మాత్రమే ఆవేశం మిగులుతుంది.

ఈ ఆలోచనను ఇరవైకి పైగా కంపెనీలు వద్దన్నాయి. 1944లో బాటెల్ పరిశోధన సంస్థ చేరదీసింది. గంధకం స్థానంలోకి సెలీనియం వచ్చింది. 1947లో హలాయిడ్ అనే చిన్న కంపెనీ హక్కులు తీసుకుంది. తర్వాత జిరాక్స్‌గా పేరు మార్చుకున్నది అదే. 1959లో ఆ కంపెనీ తెచ్చిన 914 యంత్రం బరువు దాదాపు 294 కిలోలు, నిమిషానికి ఏడు కాపీలు తీసేది.

సుచిత్ర నుంచి కొంపల్లి మీదుగా మేడ్చల్ పోయే దారిలో, పేట్ బషీరాబాద్ పరిసరాల్లో ఆధార్ కార్డుకో, అద్దె ఒప్పందానికో జిరాక్స్ తీయించుకునే ప్రతిసారీ ఈ ఆకర్షణ, వికర్షణ బలాలు పనిచేస్తూనే ఉంటాయి. పాత యంత్రాల్లో పలక స్థానంలో ఉండే సెలీనియం డ్రమ్ముకు ధనావేశం, టోనర్ అనే పొడికి రుణావేశం ఉండేవి. ఆకర్షణే అక్షరాన్ని రాసేది. నేటి లేజర్ యంత్రాల్లో చాలావాటిలో డ్రమ్ముకూ టోనర్‌కూ రెండింటికీ రుణావేశమే. లేజర్ తాకిన చుక్కల్లో డ్రమ్ము ఆవేశం తగ్గిపోతుంది, టోనర్ అక్కడ చేరుతుంది. మిగతా చోటంతా డ్రమ్ము దాన్ని దగ్గరికి రానివ్వదు. కాగితం వెనక నుంచి ఇచ్చే ధనావేశం ఆ పొడిని కాగితం మీదికి లాగుతుంది. సుమారు 200 డిగ్రీల వేడి దాన్ని కరిగించి అతికిస్తుంది.

టోనర్ రేణువు కొన్ని మైక్రోమీటర్ల వెడల్పే ఉంటుంది. అంత చిన్న రేణువు విషయంలో దాని బరువు కంటే విద్యుత్ బలమే ఎంతో ఎక్కువ. అందుకే గాలిలోని తేమ కూడా ఫలితాన్ని మార్చగలదు. వానాకాలంలో చెమ్మగిల్లిన కాగితం నుంచి ఆవేశం కారిపోయి ప్రింటు లేతబడుతుంది. ఎండాకాలపు పొడి గాలిలో ఆవేశం ఎటూ పోలేక కాగితాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కట్టను విదిలించి ట్రేలో పెట్టే దుకాణదారు వాటిని విడదీస్తున్నట్టే.

బడిలో దువ్వెనను తలకు రుద్ది కాగితపు ముక్కలను లేపే ప్రయోగం ఆకర్షణను మాత్రమే చూపుతుంది. పిల్లలు వికర్షణను పుస్తకంలో చదివి ఊరుకుంటారు. కానీ లేజర్ యంత్రం తీసే పేజీలో నల్లని గీతల కంటే తెల్లని చోటే ఎక్కువ. ఆ తెల్లదనాన్ని శుభ్రంగా ఉంచేది వికర్షణే. ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు దువ్వెనతో పాటు ఒక జిరాక్స్ పేజీని కూడా తరగతికి తీసుకువెళ్లాలి. రెండు బలాల పనీ ఒకే కాగితం మీద కనిపిస్తుంది.