ప్రశ్నావళియందలి పదము: బోధన్ చెరకుసీమ నిదర్శనముగా సామాజిక పరిశోధన పద్ధతి

నిజామాబాదు జిల్లాలోని బోధన్ పట్టణమును ఆనుకొని శక్కర్‌నగర్ అను కార్మికవాడ కలదు. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము వలన దానికి ఆ పేరు వచ్చినది. అందలి ‘శక్కర్’ మన సంస్కృత ‘శర్కరా’ శబ్దమే. ప్రాకృతమున ‘సక్కర’యై, పారసీకమునకేగి ‘శకర్’గా నిలిచి, ఉర్దూ మీదుగా మరల తెలుగునేలకు తిరిగివచ్చినది. అచ్చటనే తెలుగువాని నోట అది ‘చక్కెర’. మూలమున శర్కర యనగా గులకరాయి యనియు అర్థము కలదు. పదము ప్రయాణించుకొలది అర్థము మారునన్నది శబ్దశాస్త్రము చదివినవారికి క్రొత్త సంగతి కాదు. కాని సమాజశాస్త్ర పరిశోధకుని చేతిలోని ప్రశ్నావళికి కూడ ఇదే న్యాయము వర్తించుననియు, అచ్చట దాని ఫలితము నిఘంటువునందు కాక మనుష్యుల జీవనములందు కనబడుననియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

ప్రాచ్యకళాశాలలకు ఈ చర్చ ఎందుకని అడుగవచ్చును. విశ్వవిద్యాలయ నిధుల సంఘపు 2009 నాటి నిబంధనలు పిహెచ్.డి. విద్యార్థులందరికిని పరిశోధన పద్ధతుల అధ్యయనమును తప్పనిసరి చేసినవి. 2022 నాటి నిబంధనలతో ఎం.ఫిల్. పట్టము కూడ నిలిచిపోయినది. కావున సంస్కృతాంధ్రములు చదివిన విద్యార్థి కూడ నేడు ప్రాక్కల్పన, ప్రతిచయనము, పరిపృచ్ఛ, విశ్వసనీయత, సప్రమాణత అను మాటలను నేరుగా ఎదుర్కొనుచున్నాడు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథముల ద్వారా సమాజశాస్త్ర స్నాతకోత్తర విద్యార్థులకు సుపరిచితమైన పదజాలమిది. వీనిలో కొన్ని మిక్కిలి చక్కని మాటలు. ‘సప్రమాణత’ యన్న మాటలో న్యాయశాస్త్రపు ప్రమాణ విచారమంతయు ఇమిడియున్నది. అయితే తరగతిగదిలో శోభించిన ఈ సంస్కృత పదజాలమే గ్రామమున గడప ముందు నిలిచినప్పుడు పరిశోధకునకు అడ్డుపడుచున్నది.

హైదరాబాదు రాజ్యమున క్షేత్రపరిశోధన సంప్రదాయము పాతదే. 1940వ దశకమున నిజాం ప్రభుత్వమునకు సలహాదారుగా నుండిన హైమెన్‌డార్ఫ్ చెంచులను గూర్చియు గోండులను గూర్చియు గ్రంథములు వ్రాసెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి ఎస్.సి. దూబే 1951-52లలో వివిధ శాస్త్రముల వారితో కూడిన బృందముతో శామీర్‌పేటను అధ్యయనము చేసి, 1955లో దానిని గ్రంథముగా వెలువరించెను. ఆ బృందపద్ధతి నేటికిని ఆదర్శప్రాయమే. నేటి స్నాతకోత్తర విద్యార్థికి అంతటి వ్యవధి లేదు. అతని చేతిలో నుండునది తఱచుగా ఆంగ్లమునుండి తెనిగింపబడిన కొన్ని పుటల ప్రశ్నావళి మాత్రమే. అట్టి ప్రశ్నావళిలోని ‘పని’ యను ఒక్క పదమును తీసికొని పరిశీలింతము.

నిజామాబాదు పట్టణమునందును చుట్టుపట్ల గ్రామములందును బీడీలు చేయుట వేలాది స్త్రీలకు జీవనాధారము. కార్ఖానానుండి తునికాకు, తంబాకు తెచ్చుకొని, చాటను ఒడిలో పెట్టుకొని కూర్చుండి, ఆకును కొలతకు కత్తిరించి, తంబాకు నింపి చుట్టి, దారము కట్టి, కట్టలుగా చేసి మరల అప్పగింతురు. వేయి బీడీలకింత యని కూలి. వంట, నీళ్లు, పిల్లల ఆలనాపాలన నడుమ నడుమ జరుగుచునే యుండును. ఇట్టి ఇంటికి మన విద్యార్థి వెళ్లి, ‘అమ్మా, మీరు ఏదైన వృత్తియందు నిమగ్నులై యున్నారా?’ అని చదివెననుకొందము. ఆమె మొదట అర్థము కాక చూచును. అతడు దానిని కొంచెము సడలించి ‘మీరేం పని చేస్తరు?’ అనును. ‘ఏం పని లేదు సారు, ఇంట్లనే ఉంట’ అని సమాధానము వచ్చును. పట్టికలో ‘గృహిణి’ యని పడును. అదే విద్యార్థి ‘బీడీలు చేస్తరా?’ అని అడిగినచో, ‘చేస్త, పొద్దంత గదే కదా’ అనును. ఆమె రెండు సమాధానములును సత్యములే. ఆమె వాడుకలో ‘పని’ యనగా గడప దాటి కూలికో కొలువుకో పోవుట. చాట ముందు కూర్చుండి చేయునది ఆ పదమున ఇమడలేదు.

ఇది కేవలము మాటల ముచ్చట కాదు. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టము ముడిసరుకు తీసికొనిపోయి ఇంటివద్ద బీడీలు చేయువారిని స్పష్టముగా కార్మికుల నిర్వచనమున చేర్చినది. శాసనదృష్టిలో ఆమె కార్మికురాలు, విద్యార్థి పట్టికలో గృహిణి, తన మాటలో ‘ఇంట్ల ఉన్న మనిషి’. 2015లో తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికులకు నెలసరి భృతి ప్రారంభించినప్పుడు భవిష్యనిధి ఖాతా అర్హతకు గీటురాయి యయ్యెను. ఒకరి పేరిటనున్న పుస్తకముపై అత్తాకోడండ్లిద్దరును బీడీలు చేయు ఇండ్లలో, పట్టికయందు పేరు లేని ఆమె ఎన్ని వేల బీడీలు చేసినను లెక్కకు రాదు. లెక్కకు రానివారిని గూర్చి పరిశోధకుడు కూడ అడుగకపోయినచో ఇక అడుగువారెవరు?

విద్యార్థులే కాదు, జనాభా లెక్కలవారును ఈ చిక్కున పడినారు. 1961 జనగణనలో ఋతుబద్ధమైన పనులకు సంబంధించి, ఆ కాలమున అధికభాగము దినమునకొక గంటకు మించి క్రమముగా పనిచేసిన వారిని శ్రామికులుగా లెక్కించిరి. 1971లో ‘ముఖ్య వ్యాపకమేది?’ అను దృష్టి ప్రధానమయ్యెను. ఇంటిపని ముఖ్యమని చెప్పిన స్త్రీలు శ్రామికేతరులైరి. దేశమున శ్రామికస్త్రీల సంఖ్య పదేండ్లలో దాదాపు సగానికి పడిపోయినట్లు కనబడెను. స్త్రీలు పని మానలేదు; ప్రశ్న మారినది. 1981లో ప్రధాన శ్రామికులు, ఉపాంత శ్రామికులు అను విభాగము వచ్చినది. 1991లో పొలమునందును కుటుంబ వ్యాపారమునందును వేతనము లేక చేయు పనిని కూడ చేర్చి అడుగవలెనని ప్రశ్నలోనే వ్రాసిరి. ముప్పది యేండ్ల అనుభవము ఒక వాక్యమును సవరించుటకు పట్టినదన్నమాట.

విశ్వసనీయతకును సప్రమాణతకును గల భేదమును పాఠ్యగ్రంథములు పుటల కొలది వివరించును. ఆ బీడీ ఇంటి గడపయే దానికి చాలును. ‘ఏం పని చేస్తరు?’ అని పదిమంది పదిమార్లు అడిగినను ‘ఏం లేదు’ అనియే సమాధానము వచ్చును. సమాధానము మారలేదు కావున ఆ ప్రశ్న విశ్వసనీయము. తెలియగోరిన విషయమును అది కొలుచుట లేదు కావున సప్రమాణము కాదు. మన తార్కికుల పరిభాషలో ఇది అవ్యాప్తి దోషము: లక్ష్యమునందలి యొక భాగమునకు లక్షణము తగులక పోవుట. లక్షణదోషములను తర్కసంగ్రహముతో నేర్చిన విద్యార్థికి ప్రశ్నావళిని పరీక్షించు శక్తి ఇదివరకే కలదు; దానిని అతడు ఇచ్చట వాడుట లేదు, అంతియే.

చక్కెర కర్మాగారమున ఇదే చిక్కు వేరొక రూపమున కనబడును. చెరకు ఆడుట ఏడాది పొడవున జరుగదు. చలికాలమున ఆరంభమై కొన్ని నెలలలో ముగియును. కావున చక్కెర పరిశ్రమలో శాశ్వత కార్మికులు వేరు, సీజను కార్మికులు వేరు. సీజను కార్మికునకు ఆడని నెలలలో కొంత నిలుపుదల భత్యము నిచ్చుట ఆ పరిశ్రమలో ఆనవాయితీ. అనగా పని లేని దినములలోను అతడు ఆ కర్మాగారపు మనిషియే. జనగణన లెక్కలో 183 దినములు పని చేసిననే ప్రధాన శ్రామికుడు. వేరే పని దొరకనిచో ఇతడు ఉపాంత శ్రామికుడగును. 2002లో బోధన్ కర్మాగార యాజమాన్యమున అధికభాగము ప్రైవేటు పరమైనది. 2015 డిసెంబరున లేఆఫ్ ప్రకటింపబడినది. అప్పుడు అమలులోనున్న 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ప్రకారము లేఆఫ్ అనగా హాజరుపట్టికలో పేరుండియు పని చూపబడక పోవుట. ఉద్యోగమునుండి తొలగించుట కాదు. అట్టి కార్మికుని ‘మీకు ఉద్యోగమున్నదా?’ అని అడిగిన, ఉన్నదనిన చట్టమునకు సత్యము, లేదనిన పొయ్యికి సత్యము. అవును, కాదు అను రెండు గడులు మాత్రమే గల ప్రశ్నావళి అతని స్థితిని తెలిసికొనజాలదు. రావలసిన బకాయి, పరిహారము మున్నగునవి ఆ రెండు గడుల నడుమనే యున్నవి.

‘ఊరు’ అను పదమును కూడ తడవి చూడవలెను. 1931లో నిజాంసాగరము పూర్తియై కాలువలు పారిన పిమ్మట కోస్తా జిల్లాలనుండి కర్షక కుటుంబములు వచ్చి వర్ని, కోటగిరి ప్రాంతములందు స్థిరపడినవి. వారి ఆవాసములు నేటికిని ‘క్యాంపు’ లనియే పిలువబడుచున్నవి. అచ్చటనే పుట్టిన మనుమడు ‘మీదే ఊరు?’ అను ప్రశ్నకు తాతగారి ఊరిని చెప్పవచ్చును. పుట్టిన ఊరు, ఉన్న ఊరు, వంశపు ఊరు అని మూడు ప్రశ్నలుగా విడదీయనిచో వలసను గూర్చిన అధ్యయనము మొదటి పుటలోనే చెడును. ‘కాపు’ శబ్దమున అతివ్యాప్తి కలదు: కోస్తాలో అది ఒక కులనామము; ఇందూరు సీమలో మున్నూరుకాపులకును, పెద్దల వాడుకలో వ్యవసాయదారులైన రెడ్లకును చెల్లును. రిజర్వేషను వర్గీకరణలో ఈ భేదము మిక్కిలి ముఖ్యము.

కావున ప్రశ్నావళిని వ్రాయుటకు ముందు ఆ ప్రాంతపు పదసేకరణ జరుగవలెను. మనవారికి ఇది అలవాటు లేని పని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి పర్యవేక్షణమున మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము, వ్యవసాయ పదములతో, 1962లో వెలువడినది. రైతుల నోటినుండి జిల్లా జిల్లాయందు పదములు సేకరించుట వలననే అది సాధ్యమైనది. అది భాషాశాస్త్రమే, సామాజిక పరిశోధనయు అదే. ఇక సమాధానమును వ్రాసికొనువాడు దానిని ‘శుద్ధి’ చేయరాదు. భారత సంశోధిత ముద్రణమున సుక్తాంకర్ పండితుడు కఠినపాఠమును సులభపాఠమునకై త్యజింపవలదనిన నియమమును ఇచ్చట గుర్తుంచుకొనవలెను. ‘ఇంట్లనే ఉంట’ అన్నదానిని ‘గృహిణి’ యని మార్చి వ్రాయు విద్యార్థి, అర్థము కాని పదమును దిద్దిన లేఖకునివంటివాడు. అతడు కలిగించిన నష్టము మూలప్రతి దొరకిననే గాని తెలియదు. క్షేత్రమున మూలప్రతి ఆ సాయంకాలమే మాయమగును.

‘పని’ యను పదమునే తొలగించి, ‘నిన్న పొద్దున లేచిన కాడికెళ్లి పండుకునేదాక ఏమేం చేసినరు?’ అని అడుగుట ఒక మార్గము. 2019లో జాతీయ గణాంక కార్యాలయము జరిపిన కాలవినియోగ సర్వేక్షణము ఈ త్రోవనే అనుసరించినది. బీడీల ఇంటికి ఇది చక్కగా సరిపోవును. చక్కెర కర్మాగారపు సీజను కార్మికునకు మాత్రము సరిపోదు. వేసవిలో అడిగిన ఒక దినము అతని సంవత్సరమునకు ప్రతినిధి కాజాలదు. అతనిని దసరానుండి సంక్రాంతి వరకు, సంక్రాంతినుండి ఉగాది వరకు, ఉగాదినుండి తొలకరి వరకు అని పండుగల కొండగుర్తులతో విడివిడిగా అడుగవలెను. నెలల పేర్లు చెప్పి అడిగిన తడబడువారు కూడ చెరకు బండ్లు ఎప్పుడు వచ్చెడివో, ఎప్పుడు నిలిచెడివో తడుముకొనక చెప్పగలరు.