నీళ్ళు తగ్గిన నేల మీద ముగ్గురు స్నేహితులు



సంక్రాంతి వెళ్ళిన కొద్ది రోజులకు మా సంఘములోని ఒక తల్లి తన కుమారుడు పంపిన ఫోటో తెచ్చి మాకు చూపించింది. ఆ అబ్బాయి అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఫోటోలో చుట్టూ మంచు కొండలు, నడుమ తెల్లని మైదానం. ఆ మైదానంలో నలుగురు స్నేహితులు మడత కుర్చీలు వేసుకొని, కింద తొలిచిన ఒక కంతలోకి దారాలు వదిలి కూర్చున్నారు.

"అయ్యగారూ, ఇది నేల కాదంట, నీళ్ళంట! గడ్డకట్టిన నీళ్ళ మీద కూర్చొని చేపలు పడుతున్నారంట. మావాడికి బుద్ధి చెప్పి ఒక జాబు రాయండి" అని ఆ తల్లి ఆందోళన పడింది.

మేము ఆమెను కూర్చోబెట్టి మాకు తెలిసిన సంగతి చెప్పాము. నీరు 4 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లబడిన నీరు తేలికై పైనే నిలిచిపోతుంది. అందువల్ల చెరువు పైనుండి గడ్డకడుతుంది గాని అడుగునుండి కాదు. పైన మంచు మూత పడితే, కింద చేపలు చలికాలమంతా బ్రతికే ఉంటాయి. అక్కడ వారు పట్టేది ట్రౌట్ అనే చేప. అది చల్లని నీళ్ళ చేప. మన దేశంలో కాశ్మీరులోను, నీలగిరులలోను తెల్లవారి కాలంలో తెచ్చి వదిలారు. మన కర్నూలు, కడప ఎండలకు అది ఒక్క వేసవి కూడా బ్రతకదు. ఇక మంచు మీద నడవడమంటారా, కనీసం 4 అంగుళాల మందం గట్టి మంచు ఉంటే గాని దాని మీద అడుగు పెట్టవద్దని అక్కడ పెద్దలు చెబుతారు. ఒంటరిగా పోవద్దని కూడా చెబుతారు.

ఆ తల్లి మనసు కొంత కుదుటపడింది. కాని మా మనసులో మరొక ఆలోచన మొదలైంది. ఫోటో వెనుక ఆ జలాశయం పేరు డిల్లన్ అని వ్రాసి ఉంది. అది సముద్ర మట్టానికి సుమారు 9,000 అడుగుల ఎత్తున, డెన్వర్ నగరానికి నీళ్ళిచ్చే జలాశయం. దాని ఆనకట్ట 1963లో పూర్తయింది. డిల్లన్ అన్నది అంతకు ముందు అక్కడ ఉండిన ఒక ఊరి పేరు. నీళ్ళు రాకముందే ఊరిని ఖాళీ చేయించి, కొన్ని భవనాలను, చివరకు సమాధులను కూడా వేరే చోటికి తరలించారు. అంటే ఆ నలుగురు స్నేహితులు ఒక పాత ఊరిని ముంచిన నీళ్ళ మీద కూర్చొని గాలం వేస్తున్నారన్న మాట.

సరిగ్గా ఆ 1963లోనే మన శ్రీశైలం ఆనకట్టకు పండిట్ నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. అప్పుడు మాకు మా మిత్రుడు, రిటైరైన మాస్టరుగారు జ్ఞాపకం వచ్చారు.

మా ముగ్గురి స్నేహం

మేము ముగ్గురము కలిసి చేపలకు పోవడం కొన్నేళ్ళుగా అలవాటు. ఒకరు ఈ మాస్టరుగారు, అందరూ "సారు" అంటారు. రెండవ వారు కడప వైపు మనిషి, కె.సి. కాలువ మీద లస్కరుగా పనిచేసి దిగిపోయారు. సుంకేసుల దగ్గర తుంగభద్రలో బయలుదేరి కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా పారే ఈ కాలువను పొలాలకు నీళ్ళివ్వడానికే కాక పడవలు నడపడానికి కూడా ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. మా లస్కరన్నకు ఆ కాలువ తూములే బడి. మైలవరం డ్యాములో పెన్నా నీళ్ళు, సుంకేసులలో తుంగభద్ర నీళ్ళు, ఏ నీళ్ళలో ఏ చేప ఏ లోతున తిరుగుతుందో ఆయన నోటి లెక్కగా చెబుతారు. బొచ్చె పైపైన మేస్తుంది, రోహు నడి నీళ్ళలో మేస్తుంది, ఎర్రమోసు అడుగున బురదలో వెదుక్కుంటుంది. జెల్ల రాత్రి వేళ ఎర్రకు తప్పకుండా వస్తుంది.

మా సామాను కూడా చాలా తక్కువ. వెదురు కర్ర, తంగూసు దారం, గాలం, జొన్నదంటు బెండు. ఎరకు ఎర్రలు, కాకుంటే జొన్నపిండిలో వేరుశనగ చెక్క కలిపిన ముద్ద. ఒక సద్దిమూట. అంతకు మించి ఏమీ అక్కరలేదు.

ఇన్నేళ్ళలో సారు మాతో ఎన్నో చోట్లకు వచ్చారు గాని, శ్రీశైలం వెనుక నీళ్ళ వైపు మాత్రం ఎప్పుడూ రాలేదు. అటు పోదామంటే ఏదో ఒక పని చెప్పి తప్పుకునేవారు. ఆయన పుట్టిన పల్లె ఆ నీళ్ళ కింద ఉంది. 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు నూరు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. లక్ష మందికి పైగా ఇల్లూ వాకిలీ వదలి పోవలసి వచ్చింది. కూడవెల్లి సంగమేశ్వరాలయం వంటి పేరున్న గుడి రాళ్ళను విప్పి అలంపురానికి చేర్చి తిరిగి కట్టారు గాని, పేదవాని ఇంటి గోడను ఎవరు విప్పి కడతారు? అప్పటికి సారుకు ఇరవై ఏళ్ళు.

ఒకసారి మేము ఆయనతో, "సారూ, ఆ నీళ్ళతో ఎన్ని పొలాలు పండుతున్నాయో, ఎన్ని ఇళ్ళల్లో దీపాలు వెలుగుతున్నాయో చూడండి. జరిగినది మరచి దేవునికి స్తోత్రం చెప్పండి" అన్నాము. ఆయన తల ఊపారు, ఏమీ అనలేదు. ఆ మాట పొరపాటని మాకు అప్పుడు తెలియలేదు.

ఫోటో సంగతి, డిల్లన్ సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆయన చాలాసేపు ఆ బొమ్మనే చూసి, "వాళ్ళు సమాధులు కూడా తీసుకొని పోయినారా?" అని అడిగారు. తరువాత తానే, "ఈ మే నెలలో మనమూ పోదాం" అన్నారు.

మే నెలలో

శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. నీళ్ళు తక్కువైన సంవత్సరాలలో వేసవికి డెబ్భై అడుగులకు పైగా దిగిపోతుంది. సంగమేశ్వరం గుడి నీళ్ళలోనుండి బయటపడేది అప్పుడే. మేము నందికొట్కూరు దాటి, 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరిన ఆ ప్రాంతానికి తెల్లవారేసరికి చేరుకున్నాము. ఎదురుగా కనుచూపు మేర పగుళ్ళిచ్చిన నేల, దూరంగా సన్నని నీటి గీత. ఒడ్డున విశాఖ వైపు నుండి వలస వచ్చిన మత్స్యకారుల గుడిసెలు, బోర్లించిన పుట్టులు.

అక్కడ రాళ్ళ నేల నీళ్ళను తాకే చోట గాలాలు వేసి కూర్చున్నాము. లస్కరన్నకు ముందుగా అరచేతి అంత రోహు పడింది. ఆయన దానిని మెల్లగా గాలం నుండి తప్పించి నీళ్ళలో వదిలేశారు. "ఇది పిల్ల. దీన్ని తింటే వచ్చే ఏడు మనం ఏం తింటాం?" అన్నారు. ఈ జలాశయంలో సన్న కళ్ళ అలివి వలలతో చేపపిల్లలను ఊడ్చుకుపోయి ఎండబెట్టి అమ్మేవారున్నారు. ఆ వలలు నిషిద్ధం. వాటివల్ల నష్టపోయేది న్యాయంగా వేటాడే ఆ గుడిసెల వారే.

సూర్యుడు పైకి వచ్చాడు. సారు ఉన్నట్టుండి లేచి, కుడి వైపు చేయి చూపించి, "అదిగో ఆ మోడు మా వేపచెట్టు. దాని పక్కనే మా ప్రార్థన గది" అన్నారు. చూస్తే ఒక నల్లని మోడు, కొన్ని పునాది రాళ్ళు. మేము చూస్తుండగానే ఆయన గాలం పక్కన పెట్టి అటు నడవసాగారు. నేల పొడిగా, పెంకులు పెంకులుగా పగిలి ఉంది. అనుమానించవలసినది ఏమీ మాకు కనపడలేదు.

ముప్పై అడుగులు పోయారో లేదో, ఆయన ఒక కాలు మోకాలి దాకా దిగిపోయింది. దానిని లాగబోతే రెండవ కాలు తొడ దాకా దిగింది.

మేము కేక వేసి పరుగెత్తబోయాము. "అయ్యగారూ, ఉరకొద్దు! నిలబడండి!" అని లస్కరన్న మా భుజం పట్టి ఆపారు. అప్పటికే మా కాలి కింద నేల మెత్తగా ఊగుతోంది. పై పొర ఎండి ఉంది గాని, కింద అంతా ముద్ద బురద.

దీనికి కారణం తరువాత తెలుసుకున్నాము. నదులు ఏటా తెచ్చే ఒండ్రు జలాశయంలో పేరుకుపోతుంది. శ్రీశైలం మొదట్లో 308 టి.ఎం.సి.ల జలాశయం. ఒండ్రు చేరి అది సుమారు 215 టి.ఎం.సి.లకు తగ్గిందని తరువాతి సర్వేలో తేలింది. ఆ సన్నని ఒండ్రు నీళ్ళను త్వరగా వదలదు. ఎండకు పైన పొర మాత్రమే గట్టిపడుతుంది. కొలరాడోలో పలుచని మంచు ఎంత మోసమో, మన దగ్గర ఈ ఎండిన పొర అంత మోసం.

కేక విని గుడిసెల వైపు నుండి ఒక మత్స్యకారుడు, అతని కొడుకు పుట్టిని ఈడ్చుకుంటూ వచ్చారు. అతడు దూరం నుండే, "బాబూ, నిలబడకండి! ఎనక్కి వాలి పడుకోండి! కాలు ఒక్కసారిగా లాగకండి!" అని అరిచాడు. సారు భయంతో వణుకుతున్నారు. అయినా చెప్పినట్లు వెనక్కి వాలి, చేతులు చాచి పడుకున్నారు. దిగిపోవడం ఆగింది. మనిషి నిలబడితే బరువంతా రెండు పాదాల మీద పడుతుంది, పడుకుంటే ఒళ్ళంతటి మీద పరచుకుంటుంది. కాలు గట్టిగా లాగితే కింద బురద పట్టి పీలుస్తుంది. మెల్లగా అటూ ఇటూ కదిలిస్తే పక్కలనుండి నీరు, గాలి చేరి పట్టు వదులుతుంది.

పుట్టిని బోర్లా జరుపుతూ, దాని మీద పొట్ట ఆనించి ఆ తండ్రి ఆయన దగ్గరకు చేరాడు. గట్టి నేల మీద మేమిద్దరము తాడు పట్టుకున్నాము. అరగంట పట్టింది. ఒక చెప్పు, కళ్ళజోడు అక్కడే ఉండిపోయాయి. దేవుని కృప వలన మనిషి దక్కాడు.

మేము నేర్చుకున్నది

గుడిసె ముందు కూర్చోబెట్టి ఆ ఇంటి ఇల్లాలు సారు కాళ్ళు కడిగించింది, వేడి టీ ఇచ్చింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "మేమూ మా ఊరొదిలి వచ్చినోళ్ళమే బాబూ" అంది. ఆ మాట విని సారు మొదటిసారి మాట్లాడడం మొదలుపెట్టారు. ప్రార్థన గది కప్పిన బండలు, గంట బదులు చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క, ఖాళీ చేసే రోజున తన తల్లి ఇల్లు ఊడ్చి, ముగ్గు వేసి, తలుపు మూసి వచ్చిన సంగతి. ఆ గది వెనుకనే తన చెల్లెలి సమాధి ఉందని చెప్పారు. సమాధుల గురించి అంత ఆత్రంగా ఎందుకు అడిగారో మాకు అప్పుడు అర్థమైంది. మేము ముగ్గురము గాలాలు వదిలి, మధ్యాహ్నం దాకా వింటూ కూర్చున్నాము. ఆయనకు ఒక్క సలహా కూడా మేము చెప్పలేదు.

ప్రభువు సిలువ వేయబడిన తరువాత పేతురు చేపలకు పోతానన్నప్పుడు, తోటివారు అతనికి ప్రసంగం చేయలేదు, తామూ వెంట వెళ్ళారు. ఆ అధ్యాయము మీద మేము ఎన్నోసార్లు బోధించాము గాని, ఈ సంగతిని గమనించలేదు. దుఃఖంలో ఉన్నవానివైపు మాటలతో పరుగెత్తడం బురదలో పరుగెత్తడం వంటిదే. మన బరువు కూడా అతని మీద పడుతుంది. గట్టి నేల మీద నిలిచి, తాడు అందించి, అతడు మెల్లగా కదిలేదాకా పట్టుకొని ఉండాలి. ఆనాడు సారుతో మేమన్న "మరచిపోండి" అన్న మాటకు క్షమించమని అక్కడే అడిగాము. ఆయన నవ్వి, "అది ఎప్పుడో మరచిపోయినాను లెండి" అన్నారు.

వేసవి సెలవులలో జలాశయాలకు పోయే యౌవనస్థులకు, వారి తల్లిదండ్రులకు మా మనవి. నీళ్ళు తగ్గిన నేలను చూపుతో నమ్మకండి. కర్రతో పొడిచి చూచి, అక్కడి మత్స్యకారులను అడిగి అడుగు వేయండి. ఒక తాడు వెంట తీసుకొని పోండి. ఒంటరిగా పోకండి. ఎవరైనా దిగబడితే వెంటనే వారి వెనుక ఉరకకండి.

ఆ సాయంకాలం రెండు జెల్లలు, ఒక బొచ్చెతో ఇల్లు చేరాము. రాగి సంగటి, చేపల పులుసు. సారు రెండవసారి వడ్డించుకున్నారు. కొలరాడో అబ్బాయికి మేము జాబు వ్రాశాము గాని, అతని తల్లి కోరినట్లు మందలించలేదు. మంచు మందం కొలుచుకో, స్నేహితులను వదలకు అని మాత్రం వ్రాశాము. వచ్చే మే నెలలో నీళ్ళు తగ్గితే, లస్కరన్న చూపిన రాళ్ళ దారిన, తాడు కట్టుకొని, ఆ సమాధి దాకా ముగ్గురము కలిసి పోవాలని నిర్ణయించుకున్నాము.