ఊరి ఆటసంఘము: రగ్బీ లీగు నేర్పు పాఠము



నేడు నేను ప్రసంగింపబూనినది రగ్బీ లీగు అను ఆటను గూర్చి. మన పల్లెలలో దీనిని ఆడువారు లేరు, చూచినవారును అరుదు. అట్టి దానిని గూర్చి యొక విశ్రాంత బడిపంతులు మనకేల చెప్పవలెనని మీరడుగవచ్చును. ఆటకంటె ఆ ఆటను నిలబెట్టుకొన్న ఊళ్ళ తీరు మనము తెలిసికొనదగినది. ఊరివారు కొందరు కూడి, జీతబత్తెముల నాశింపక, తీరిక వేళలలో ఒక ఆటసంఘమును స్థాపించుట యెట్లు? అది యేల నిలుచును? ఏల కూలును? ఈ ప్రశ్నలకు ఆ యాట చరిత్రలో సమాధానము కలదు.

ముందుగా ఆట స్వరూపము చెప్పెదను. చెడుగుడు ఎరిగినవారికి ఇది దుర్గ్రాహ్యము కాదు. జట్టునకు 13 మంది. కోడిగ్రుడ్డువలె కొనలు సన్నగిల్లిన బంతిని చేతబట్టి పరుగెత్తి, ఎదిరిపక్షమువారి గీత దాటి, దానిని నేలకు తాకించుట లక్ష్యము. అట్లు తాకించినచో 4 పాయింట్లు. పిమ్మట బంతిని కాలితో తన్ని, రెండు స్తంభముల నడుమ, అడ్డుకమ్మికి పైగా పోవునట్లు చేసినచో మరి 2 పాయింట్లు. తోడివానికి బంతిని విసరునప్పుడు ముందునకు విసరరాదు. ప్రక్కకో, వెనుకకో విసరవలెను. బంతి గలవానిని ఎదిరివారు పట్టి నిలుపుదురు. చెడుగుడులో కూతకు వచ్చినవానిని పట్టుటయు నిట్టిదే. కాని చెడుగుడులో పట్టుబడినవాడు చచ్చును, ఇచట చావడు. లేచి, బంతిని నేలనుంచి, పాదముతో వెనుకకు దొర్లించి ఆట సాగించును. ఇట్లు ఆరు పట్టులు. ఆరవ పట్టుతో బంతి ఎదిరివారికి పోవును. నలువది నిమిషముల చొప్పున రెండు భాగములుగా ఆట జరుగును.

ఈ యాట పుట్టిన విధము వినదగినది. ఇంగ్లండు ఉత్తరభాగమున యార్క్‌షైర్, లాంకషైర్ అను సీమలు కలవు. పందొమ్మిదవ శతాబ్దమున అవి బొగ్గుగనులకును, నూలు ఉన్ని మిల్లులకును నెలవులు. అచటి కూలిజనము రగ్బీ ఆటను ప్రాణముగా చూచుకొనిరి. అయితే ఆటకు పోవలెనన్న పనిపూట మానవలెను. మానినచో కూలి పోవును. ఆటను పాలించు రగ్బీ యూనియనువారు ఆటగానికి కాసైనను ఈయరాదని శాసించిరి. కలిగినవానికి ఆ నియమము ధర్మముగనే తోచును. గనిలో బొగ్గు త్రవ్వువానికి అది పస్తుతో సమానము. పోయిన కూలినైనను చెల్లింపనిండని ఉత్తరపు సంఘములు 1893లో అడిగినవి. యూనియను సభ త్రోసిపుచ్చెను.

అంతట 1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డ్ పట్టణమున జార్జ్ హోటలులో ఆ సంఘముల ప్రతినిధులు సమావేశమై, నార్తర్న్ యూనియన్ అను వేరు సంస్థను నెలకొల్పిరి. మొదటి యేట 22 సంఘములు ఆడినవి. పని మానిన దినమునకు 6 షిల్లింగుల వరకు ఈయవచ్చునని నియమము చేసికొనిరి. 1898లో ఆటగాండ్రకు బహిరంగముగనే వేతన మిచ్చుట కంగీకరించిరి. 1906లో జట్టునందలి 15 మందిని 13కు తగ్గించి ఆటను వేగవంతము చేసిరి. 1922లో ఆ సంస్థ రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ అను పేరు దాల్చెను. ఇక కాసైనను ఈయరాదన్న పాత రగ్బీవారో? వారును తుదకు 1995లో ఆ నిషేధమును ఎత్తివైచిరి. పేదవాడు నోరువిప్పి అడిగిన చిన్న న్యాయము దొరలకు బోధపడుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

ఈ చరిత్ర చదివినప్పుడు నా తప్పొకటి నాకు జ్ఞప్తికి వచ్చెను. నేను పనిచేసిన యొక పల్లెలో చెడుగుడు జట్టును నడుపుచుంటిని. అందొక కూలివాని కుమారుడు కలడు. పట్టులో వానిని మించినవాడు లేడు. వరికోతల దినములలో వాడు వరుసగా నాలుగు సాయంకాలములు అభ్యాసమునకు రాలేదు. నియమము నియమమే యని నేను వాని పేరు కొట్టివేసితిని. పోటీ ముగిసిన పిమ్మట తెలిసినది: తండ్రి మంచముపట్టి యుండగా ఇంటిల్లిపాదికిని ఆ బాలుని కోతకూలియే ఆధారమట! అడిగియుండినచో చెప్పెడివాడే. నేను అడుగలేదు. వాడు మరల బరిలో దిగలేదు.

కావున సంఘము పెట్టదలచినవారు తొలిసభలో వేయవలసిన ప్రశ్న, ఎవడు బాగుగా ఆడునని కాదు; ఆటకు వచ్చుటవలన నీ యింట నేమి లోటుపడునని. ఔత్సాహిక సంఘమున వేతనము లేదు. అయినను అభ్యాసవేళను పనివేళకు అడ్డురాకుండ కుదుర్చవచ్చును. పొరుగూరి పోటీకి బండి ఖర్చును పదిమంది పంచుకొనవచ్చును. లేనివాని బిడ్డకు చందా మాఫీ చేయవచ్చును.

ఇక నేడు ఇంగ్లండులో ఒక ఊరివారు రగ్బీ లీగు సంఘమును స్థాపింపవలెనన్న ఏమేమి చేయవలెనో క్రమముగా చెప్పెదను.

మొదటిది జనము. బరిలో దిగువారు 13 మందియైనను, మార్పుగా నిలుచువారు నలుగురు కావలెను. దెబ్బతగిలినవారు, పనికి పోయినవారు, పెండ్లికి పోయినవారు ఎప్పుడును కొందరుందురు. కావున పాతికమందికి తక్కువ లేకుండ పేర్లు చేరిననే జట్టు నిలుచును. ఆడనివారు అంతకంటె ముఖ్యము. గీతలు గీయువారు, చొక్కాలు ఉతుకువారు, తేనీరు కాచువారు లేనిదే సంఘము లేదు.

రెండవది కట్టుబాటు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అను మువ్వురిని సభ ఎన్నుకొనవలెను. నియమములను వ్రాతపూర్వకముగా నుంచవలెను. బ్యాంకు ఖాతా సంఘము పేరిట నుండవలెను గాని యొక వ్యక్తి పేరిట నుండరాదు; సొమ్ము తీయుటకు ఇరువురి సంతకములు కావలెను. ఏటేట సర్వసభ్యసభలో జమాఖర్చులు చదివి వినిపింపవలెను.

మూడవది స్థలము. రెండు గీతల నడుమ పొడవు 100 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు ఉండును. చిన్న సంఘములకు సొంత భూమి యెక్కడిది? పురపాలక సంస్థనో, పాఠశాలనో అద్దెకడుగుదురు. ఆటగాడు గుద్దుకొనినను గాయపడకుండుటకు గోలు స్తంభములకు మెత్తని తొడుగులు వేయుదురు.

నాలుగవది అనుబంధము. రగ్బీ ఫుట్‌బాల్ లీగ్‌లో సంఘమును చేర్చి, ఆటగాండ్ర పేర్లు నమోదు చేయించి, బీమా కుదుర్చుకొని, సమీపపు పోటీలలో స్థానము సంపాదింపవలెను. శిక్షణ పొందిన గురువును, ప్రథమచికిత్స తెలిసినవానిని ఏర్పరచుకొనవలెను. 1973లో ఔత్సాహిక సంఘములు తమ బాగోగులు తామే చూచుకొనుటకై హడర్స్‌ఫీల్డ్ పట్టణముననే బ్రిటిష్ అమెచ్యూర్ రగ్బీ లీగ్ అసోసియేషన్ అను సంస్థను స్థాపించుకొనిరి. వేతనపు ఆటయొక్క నీడలో ఊరి ఆట వాడిపోవుచుండగా దానికి నీరుపోసినవారు ఊరివారే యని గ్రహింపుడు.

ఐదవది రక్షణ. పిల్లలను చేర్చుకొను ప్రతి సంఘమును వారి క్షేమమును కనిపెట్టుట కొక బాధ్యుని నియమింపవలెను. పిల్లలతో మెలగు పెద్దల పూర్వవర్తనమును ముందుగా విచారింపవలెను. తలకు తగిలిన దెబ్బను తేలికగా చూడరాదు. బయటి గాయము కనబడకున్నను లోపల మెదడు అదరియుండవచ్చును. 2023లో బ్రిటను ప్రభుత్వము ప్రకటించిన సూత్రముల ప్రకారము, అనుమానము కలిగినంతనే ఆటగానిని బరినుండి తప్పింపవలెను; ఆనాడు మరల దింపరాదు; పోటీకి రావలెనన్న 21 దినములైనను గడువవలెను. వీరత్వము పేర దెబ్బను దాచుకొను కుర్రవానిని మెచ్చుకొనుట పెద్దలకు తగదు.

ఆరవది ధనము. సభ్యుల చందాలు, అంగడివారి పేర్లు చొక్కాలపై వేయుటవలన వచ్చు సొమ్ము, లాటరీ చీట్లు, తేనీటి అమ్మకము, ఇవియే ఆధారములు. ఇచటనే పెక్కు సంఘములు జారిపడును. 1895–96లో నార్తర్న్ యూనియనులో తొలి విజేతగా నిలిచిన మానింగ్‌హామ్ సంఘము ఎనిమిదేండ్లు తిరుగకమునుపే, 1903లో, ధనాభావముచేత రగ్బీని విడిచి, సాధారణ ఫుట్‌బాలునకు మరలి బ్రాడ్‌ఫర్డ్ సిటీ యను పేర వేరొక సంఘమయ్యెను. బరిలో నెగ్గినవారు పద్దులలో ఓడిరి. విజయము సంఘమును నిలుపదు, జమాఖర్చులు నిలుపును.

పెద్దలారా, మన ఊళ్ళలో పండుగనాడు చెడుగుడు పోటీలు జరుగును. ఆనాడు మనము పందిరిలో కూర్చుండి గెలిచినవారికి బహుమతు లిత్తుము. ఆటకు పెద్దలు చేయు సేవ ఆ యొక్క పూటతో ముగియుచున్నది. మరునాటినుండి ఆ కుర్రవాండ్ర గతి యేమి? దెబ్బతగిలినవానిని వైద్యునికడకు కొనిపోయినవారెవరు? చందా లెక్క వ్రాసినవారెవరు? కూలి పోవునని రానివాని యింటికి పోయి అడిగినవారెవరు? ఈ మూడు పనులకును కండబలము అక్కరలేదు. వయస్సు మళ్ళినవారే వీటికి తగినవారు.

మీ ఊర ఏ యాటకు సంఘము పెట్టినను, మొదటి సభకు ఒక పుస్తకము తీసికొనిపొండు. అందు తొలిపుటను ఆటగాండ్ర పేర్లకు గాక, ఎవరి యింట నేమి యిబ్బంది కలదో వ్రాసికొనుటకు విడువుడు. నేనట్లు వ్రాసికొని యుండినచో, ఆ బాలుని పేరు కొట్టివేసి యుండెడివాడను కాను.