ముసలితనం అనుకునే ఒక జబ్బు – డాక్టర్లు ఎలా కనిపెడతారు?

 

మన మెదడు చుట్టూ, లోపలి గదుల్లో నీళ్ళలాంటి ద్రవం ఉంటుంది. దీన్ని మస్తిష్క మేరు ద్రవం అంటారు. పెద్దవాళ్ళలో ఇది సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుడు. కానీ రోజుకు అర లీటరు దాకా కొత్తది ఊరుతుంది. ఊరిందంతా మళ్ళీ రక్తంలో కలవాలి. సరిగ్గా కలవకపోతే, తూము మూసుకుపోయిన చెరువులాగా గదులు ఉబ్బుతాయి. ముసలోళ్ళకు వచ్చే ఈ జబ్బు పేరు నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫలస్. కొలిచి చూస్తే ద్రవం ఒత్తిడి మామూలుగానే ఉంటుంది, అందుకే ఆ పేరు.

గుర్తులు మూడు:
1. కాళ్ళు ఎడంగా పెట్టి, పాదాలు నేలకు అతుక్కున్నట్టు చిన్న అడుగులు వేయడం.
2. మూత్రం ఆపుకోలేకపోవడం.
3. మతిమరుపు, ఆలోచన మందగించడం.

అందరికీ మూడూ ఉండవు. ఎక్కువమందికి ముందు నడకే చెడుతుంది. అల్జీమర్స్ జబ్బులో అయితే మామూలుగా ముందు మతిమరుపు వస్తుంది. అందుకే డాక్టర్లు "ఏది ముందు మొదలైంది?" అని ఇంటివాళ్ళని అడుగుతారు.

తర్వాత నడిపించి, ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకుంటారు. స్కానింగ్ తీసి గదులు ఉబ్బాయేమో చూస్తారు. కానీ వయసుకి మెదడు కుంచించుకుపోయినా గదులు పెద్దగా కనపడతాయి. కాబట్టి స్కానింగ్ ఒక్కటే చాలదు. అప్పుడు నడుము దగ్గర వెన్నులో సూది పెట్టి 30 నుండి 50 మిల్లీలీటర్ల ద్రవం తీసి, మళ్ళీ నడిపిస్తారు. నడక బాగుపడితే, ఆపరేషన్ పనిచేస్తుందని ఆశ. బాగుపడకపోయినా జబ్బు లేదని వెంటనే అనరు, ఇంకా పరీక్షలు చేస్తారు. ఆపరేషన్‌లో షంట్ అనే సన్నని గొట్టం వేసి, ఎక్కువైన ద్రవాన్ని పొట్టలోకి పంపిస్తారు.

దీన్ని మొదట గుర్తించింది కొలంబియా దేశపు డాక్టరు సాలొమోన్ హకీమ్. 1957లో కారు గుద్దిన 16 ఏళ్ళ అబ్బాయి ఆపరేషన్ అయినా మాట్లాడలేదు. పరీక్ష కోసం 15 మిల్లీలీటర్ల ద్రవం తీస్తే మర్నాడు మాట్లాడాడు! 1965లో హకీమ్, మరికొందరు డాక్టర్లు కలిసి ఈ జబ్బు గురించి ప్రచురించారు.

మా గూడెంలో ఒక తాత అడుగు తీసి అడుగు వేయలేడు. చాప తడుపుకుంటాడు. పేర్లు మర్చిపోతాడు. పిల్లలు నవ్వుతారు. "వయసైపోయింది" అని వేరే పాకలో పడుకోబెట్టారు. ఆయనకి ఈ జబ్బే అని నేను చెప్పలేను, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. కానీ ఎవ్వరూ తీసుకుపోలేదు.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ తాత, అవ్వ ఎలా నడుస్తున్నారో చూడండి. నడక, మూత్రం, మతిమరుపు – మూడింటిలో ఏది ముందు వచ్చిందో కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. మనం చదువుకున్నది అందుకే కదా!

– 9వ తరగతి విద్యార్థిని