ఆ ఇంటి బిడ్డకు... ఈ ఊరి అమ్మ!

కన్నబిడ్డ కడపలో. పెంచే బిడ్డ కువైట్‌లో. మతం వేరు, మాట వేరు, తిండి వేరు. పసివాడి ఏడుపు మాత్రం ఎక్కడైనా ఒక్కటే! గల్ఫ్ ఇళ్లలో ఆయాలుగా పనిచేసే తెలుగు ఆడవాళ్లు రోజూ సాము చేసేది ఈ రెండింటి మధ్యే. ఆ ఇంటి ఆచారాన్ని గౌరవించాలి. తన గౌరవాన్నీ నిలుపుకోవాలి. అదెలాగంటే...

రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు పల్లెల్లోనూ కోనసీమలోనూ 'కువైట్' అన్న మాట తెలియని గడప ఉండదు. అప్పు తీర్చడానికని ఒకరు, ఆడపిల్ల పెళ్లికని ఒకరు, ఇల్లు కట్టుకోవాలని ఇంకొకరు విమానమెక్కుతారు. మగవాళ్లు డ్రైవర్లుగా, వంటవాళ్లుగా వెళ్తే, ఆడవాళ్లలో ఎక్కువమంది వెళ్లేది ఇంటిపనికే. దాన్ని 'ఖాదిమ్ వీసా' అంటారు. వీసాలో ఏమని రాసి ఉన్నా, పసిపిల్లలున్న ఇంట్లో అడుగుపెడితే ముందుగా చేతికొచ్చేది చీపురు కాదు... బిడ్డ!

పిల్లల్ని పెంచడం కొత్తగా నేర్పాల్సిన విద్యేం కాదు. ఇద్దరు ముగ్గుర్ని కని, పెంచి వెళ్లినవాళ్లే చాలామంది. కొత్తగా నేర్చుకోవాల్సిందల్లా ఆ ఇంటి తీరు.

గడప దాటాక...

కువైట్ ఇళ్లలో పనివాళ్లు ఇంటావిడను 'మామా' అనీ, ఇంటాయన్ను 'బాబా' అనీ పిలవడం రివాజు. అక్కడ మామా అంటే అమ్మ. 'మావయ్యను పిలిచినట్టు ఆడమనిషిని పిలవడమేంటి' అని మొదట్లో నవ్వొస్తుంది. రెండు రోజుల్లో అలవాటైపోతుంది. అక్కడివాళ్లు చిన్నపిల్లాణ్ని 'యాహిల్' అంటారు. మంచినీళ్లు 'మాయ్'. పాలు 'హలీబ్'. రమ్మనడానికి 'తఆల్'. ఈ నాలుగు మాటలూ వస్తే సగం పని నడిచిపోతుంది. హైదరాబాద్‌లో విన్న ఉర్దూ అన్నిచోట్లా పనికిరాదు. మనం నమాజు అనేదాన్ని అక్కడ 'సలాత్' అంటారు. రోజాను 'సౌమ్' అంటారు.

ఆ తర్వాతది కట్టూబొట్టూ. ఒంటినిండా కప్పే వదులైన బట్టలు వేసుకుంటే ఏ ఇంట్లోనూ పేచీ ఉండదు. తలమీద గుడ్డ కప్పుకోవాలా వద్దా అన్నది ఇంటిని బట్టి ఉంటుంది. కొందరు పట్టుబడతారు, కొందరు పట్టించుకోరు. తనంతట తాను ఊహించుకోకుండా మొదటిరోజే ఇంటావిడను అడగడం మేలు.

తలుపు తట్టకుండా పడగ్గదిలోకి వెళ్లకూడదన్నది ఎక్కడైనా మర్యాదే. ముస్లిం ఇంట్లో దానికి ధర్మగ్రంథం దన్ను కూడా ఉంది. తెల్లవారుజాము నమాజుకు ముందు, మధ్యాహ్నం నడుంవాల్చే వేళ, రాత్రి ఆఖరి నమాజు తర్వాత... ఈ మూడు వేళల్లో ఇంటి సేవకులూ, చిన్నపిల్లలూ కూడా అనుమతి అడిగే లోపలికి రావాలని ఖురాన్‌లోని 'నూర్' అధ్యాయం చెబుతుంది. ఆయా ఈ సంగతి తెలుసుకుని, చేత్తో పట్టుకుని నడిపించే బిడ్డకూ అలవాటు చేస్తే ఆ తల్లికి అంతకంటే ఏం కావాలి!

పరాయి ఆడ, మగ ఒకే గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమమూ అలాంటిదే. ఇంటాయనతోగానీ, ఎదిగిన కొడుకులతోగానీ ఒక్కతే ఉండాల్సి వస్తే తలుపు తెరిచి ఉంచడం, బిడ్డను తీసుకుని పక్కకు వెళ్లిపోవడం అక్కడ తప్పుపట్టే పని కాదు, మెచ్చుకునే పని. ఆచారాన్ని పాటించినట్టూ ఉంటుంది, తనకు రక్షణగానూ ఉంటుంది.

గోరుముద్ద దగ్గర...

పిల్లలకు తిండి పెట్టడంలో మన తల్లుల్ని మించినవాళ్లు లేరు. కథ చెబుతూ నాలుగు ముద్దలు ఎక్కువ తినిపించగలరు. కాకపోతే అక్కడ ముద్ద నోట్లో పెట్టేముందు 'బిస్మిల్లా' అనాలి. కుడిచేత్తోనే తినిపించాలి. ఈ రెండోది మనకు కొత్తేం కాదు, మన ఇళ్లలోనూ ఎడంచేత్తో పెడితే పెద్దవాళ్లు ఊరుకోరు.

పందిమాంసం, మద్యం కూడదని అందరికీ తెలుసు. కువైట్‌లో ఆ రెండూ అమ్మడమే నిషేధం. తెలియకుండా దొర్లే పొరపాట్లు వేరే ఉన్నాయి. పిల్లలు ఇష్టపడే జెల్లీలు, మెత్తటి మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది. దాన్ని జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీస్తారు. పందిదీ కావచ్చు. కొన్నిరకాల వెనీలా ఎసెన్సులో ఆల్కహాల్ కలుస్తుంది. సెలవుకు ఊరొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు బిడ్డమీద ప్రేమతో చాక్లెట్లూ బిస్కెట్లూ పట్టుకెళ్లేవాళ్లు వాటిని తల్లికి చూపించాకే ఇవ్వాలి. ఆ ఒక్క మాటతో అనుమానానికి చోటుండదు.

ఇదే మర్యాద అటువైపు నుంచీ ఉండాలి. గొడ్డుమాంసం తినని హిందూ స్త్రీలుంటారు. కొందరు దాన్ని ముట్టుకోవడానికే ఇష్టపడరు. ఆ సంగతి పనిలో చేరకముందే చెప్పాలి. ఇల్లు చేరాక, వంటింట్లో గిన్నె ముందు నిలబడి చెబితే పేచీ అవుతుంది. ముందే చెబితే అదొక ఇష్టం కిందే లెక్క.

ఉపవాసాల నెలలో...

ఆయాకు అసలు పరీక్ష రంజాన్ నెల. పగలు ఇల్లంతా నిశ్శబ్దం. సాయంత్రం నుంచి సందడి. తెల్లవారకముందే సహర్ భోజనం, పొద్దుగుంకాక ఇఫ్తార్, ఆ తర్వాత చుట్టాల రాకపోకలు. గోధుమలూ మాంసమూ కలిపి గంటలకొద్దీ ఉడికించే హరీస్ ఈ నెలలో ప్రతి ఇంట్లోనూ కనిపిస్తుంది. హైదరాబాద్ హలీమ్‌కు పెద్దక్క లాంటిదది!

ఉపవాసం లేనివాళ్లు ఇంట్లో తమ గదిలోనో, వంటింట్లోనో తినొచ్చు. వీధిలో మాత్రం వద్దు. రంజాన్ పగటివేళ బహిరంగంగా తినడం, తాగడం కువైట్‌లో 1968 నాటి చట్టం ప్రకారం నేరం. మతంతో నిమిత్తం లేదు. బిడ్డను పార్కుకు తీసుకెళ్లి తాను మంచినీళ్లు తాగినా చిక్కే.

మరి పిల్లల సంగతి? పెద్దవాళ్లయ్యేవరకూ ఉపవాసం తప్పనిసరి కాదు. అయినా ఏడెనిమిదేళ్ల పిల్లలు అమ్మానాన్నల్ని చూసి 'నేనూ ఉంటా' అని సరదాపడతారు. కొందరు సగం రోజుండి మధ్యాహ్నం వదిలేస్తారు. ఇక్కడే మన అమ్మ మనసు ఆగదు. 'ఎవరికీ చెప్పకులే' అంటూ గుట్టుగా గ్లాసుడు పాలు పట్టేస్తుంది. అది ప్రేమే. కానీ ఆ పిల్లాడికి అది ఓడిపోవడం, తల్లికి నమ్మకం పోవడం. బిడ్డ నీరసపడితే నేరుగా తల్లికి చెప్పాలి. ఉండమని బలవంతపెట్టడమూ, మానమని బుజ్జగించడమూ రెండూ ఆయా పని కాదు.

ఆ నెల మధ్యలో వచ్చే 'గర్గియాన్' మాత్రం పిల్లలదీ ఆయాలదీ! సంప్రదాయ దుస్తులు వేసుకుని, మెడలో సంచి తగిలించుకుని పిల్లలు పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. మిఠాయిలూ జీడిపప్పులూ సంచి నిండా తెచ్చుకుంటారు. మన ఊళ్లలో భోగి పిడకలు, గొబ్బెమ్మల సందడి చూసినవాళ్లకు ఆ సంబరం అర్థం కావడానికి భాష అక్కర్లేదు.

జోలపాట, దిష్టిచుక్క

బిడ్డ ముద్దుగా ఉంటే మనవాళ్లు మెటికలు విరుస్తారు. అక్కడ 'మాషా అల్లా' అంటారు. ఆ మాట అనకుండా 'ఎంత బొద్దుగా ఉన్నాడో' అంటే తల్లి మొహం మాడుతుంది. దిష్టి భయం ఇద్దరిదీ, విరుగుడే వేరు. అలాగని అడక్కుండా బుగ్గన చుక్క పెట్టడం, ఉప్పు తిప్పడం, బొట్టు దిద్దడం కూడదు. మన జోలపాటల్లో దేవుళ్ల పేర్లుంటాయి. పేర్లు లేకుండా రాగం ఒక్కటే తీసినా బిడ్డ నిద్రపోతుంది.

కాస్త పెద్ద పిల్లలైతే ప్రశ్నలు మొదలవుతాయి. 'నువ్వెందుకు మాలా ప్రార్థన చేయవు?' అని అడుగుతారు. దానికి వాదన అక్కర్లేదు, బోధన అంతకంటే అక్కర్లేదు. 'నేను నా పద్ధతిలో చేసుకుంటా. మీ పద్ధతి మీ అమ్మ చెబుతుంది' అంటే చాలు. ఇంట్లో ఎవరైనా నమాజు చేస్తుంటే వాళ్ల ముందునుంచి నడవకుండా, బిడ్డ చాపమీదికి పాకకుండా చూడటం, ఖురాన్‌ను నేలమీద పెట్టకపోవడం... ఇవన్నీ గమనిస్తే వచ్చేవే.

తన దేవుణ్ని తాను విడవాల్సిన పని మాత్రం లేదు. తన గదిలో, తన మనసులో తన ప్రార్థన చేసుకోవడాన్ని తప్పనే హక్కు ఎవరికీ లేదు. మతంలో బలవంతం లేదని ఇస్లామే చెబుతోంది.

ఒక్క విషయంలో మరీ జాగ్రత్త అవసరం. పాలిచ్చే తల్లి ఆయాగా వెళ్తే, బిడ్డ ఏడుస్తోందని జాలిపడి తన పాలు పట్టడం ఇస్లాంలో చిన్న విషయం కాదు. అలా పాలు తాగిన బిడ్డకు ఆమె 'పాలతల్లి' అవుతుంది. ఆమె పిల్లలు తోబుట్టువుల కిందే లెక్క. పెళ్లి సంబంధాలకూ అది అడ్డే. కాబట్టి అది తల్లిదండ్రులు ఆలోచించి నిర్ణయించాల్సిన సంగతి.

గౌరవం... రెండువైపులా!

ఇంతవరకూ చెప్పింది ఆయా చేయాల్సింది. మరి ఆమెకు దక్కాల్సింది? ఇంటిపనివాళ్ల కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం తెచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికో రోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పని ముగించి వెళ్లేటప్పుడు పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం ఇవ్వాలి. ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. కనీస జీతం 60 దీనార్లుగా 2016లో నిర్ణయించారు. ఇంటిపనివాళ్ల నియామకాలపై భారత్, కువైట్ 2021 జూన్‌లో ఒప్పందం కూడా కుదుర్చుకున్నాయి.

కాగితంమీద ఉన్నదంతా నాలుగు గోడల మధ్యకు చేరదు. పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసే యజమానులున్నారు. ఆయాకైతే ఇంకో చిక్కుంది. ఆమె పడుకునేది చాలాసార్లు బిడ్డ గదిలోనే. అర్ధరాత్రి బిడ్డ లేస్తే ఆమే లేవాలి. పన్నెండు గంటల లెక్క అక్కడే తప్పుతుంది. అందుకే విశ్రాంతి వేళ, సెలవు రోజు, ఇంటికి ఫోన్ చేసుకునే సమయం... ఇవన్నీ మొదటి వారంలోనే మర్యాదగా అడిగి ఖరారు చేసుకోవాలి. ఊళ్లో ఉన్న తన బిడ్డతో పది నిమిషాలు మాట్లాడి వచ్చిన తల్లి, చేతిలోని బిడ్డను ఇంకాస్త ఓపిగ్గా చూస్తుందని ఏ యజమానురాలికైనా అర్థమవుతుంది.

జాగ్రత్త ఊళ్లోనే మొదలవ్వాలి. పదో తరగతి పాసవనివారి పాస్‌పోర్టు 'ఈసీఆర్' కోవలోకి వస్తుంది. అలాంటి స్త్రీలు ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి ప్రభుత్వ నియామక సంస్థల ద్వారా వెళ్లాలన్న నిబంధన ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అలాంటివే. ఏజెంటు సందర్శక వీసా చేతిలో పెట్టి 'అక్కడ మార్పిస్తా' అంటే అక్కడే ఆగిపోవాలి. అలా వెళ్లినవాళ్లకు ఏ చట్టమూ ఆసరా కాదు. అన్నీ సక్రమంగా ఉండి కూడా కష్టం వస్తే, కువైట్‌లోని భారత రాయబార కార్యాలయం తలుపు తట్టొచ్చు. దిక్కులేని స్త్రీలకు అక్కడ ఆశ్రయమూ ఉంది.

యజమానులకు గుర్తుచేయాల్సిన మాట కూడా ఒకటుంది. ఆయాను గౌరవించడం ఇస్లాం చరిత్రలో కొత్త సంగతి కాదు. మహమ్మద్ ప్రవక్తను పసితనంలో పాలిచ్చి పెంచింది ఎడారి తెగకు చెందిన హలీమా. తల్లి ఆమినా పోయాక కంటికి రెప్పలా చూసుకుంది అబిసీనియాకు చెందిన ఉమ్మె ఐమన్. ఒకరు బీదరాలు, మరొకరు పరాయి దేశస్థురాలైన పనిమనిషి. ప్రవక్త పెద్దవాడయ్యాక, తనకు పాలిచ్చిన తల్లి వచ్చినప్పుడు ఒంటిమీది వస్త్రాన్ని నేలమీద పరిచి కూర్చోబెట్టారని సంప్రదాయ గ్రంథాలు చెబుతాయి. ఉమ్మె ఐమన్‌నైతే అమ్మ తర్వాత అమ్మగా భావించారట.

కోనసీమ నుంచో, రాయచోటి నుంచో వెళ్లిన అమ్మ అంత పెద్ద మర్యాదేమీ కోరదు. ఒకటో తారీఖున జీతం, వారానికో రోజు విశ్రాంతి, తన పాస్‌పోర్టు తన పెట్టెలో... అంతే!