గంట కొడితే గ్లాసెడు నీళ్ళు

ఆరోగ్యమే మహాభాగ్యం అని అందరం అంటాం. ఆ భాగ్యం ఒక్క మందు బిళ్ళతో రాదు, రోజువారీ అలవాటుతో వస్తుంది.

మన హాస్టల్లోనే ఉన్న మా తమ్ముడికి సికిల్ సెల్ జబ్బు ఉంది. ఈ సంగతి రాయమని వాడే చెప్పాడు. హైదరాబాదులో లక్డీకాపూల్ దగ్గర, రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ పిల్లల ఆస్పత్రి ఉంది. అది 1953లో మొదలైంది. వాడితో అక్కడికి పోయినప్పుడు డాక్టర్ మేడమ్ మందుల కంటే ముందు అడిగిన ప్రశ్న ఒకటే: "రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతున్నావు?"

ఎందుకంటే, మామూలుగా మన ఎర్ర రక్తకణాలు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు ఒంట్లో నీరు తగ్గినా, బాగా చలి వేసినా, జ్వరం వచ్చినా అవి కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాలకు అడ్డం పడతాయి. అప్పుడు ఎముకలు, కీళ్ళు భరించలేనంత నొప్పి పుడతాయి. ఇది అంటువ్యాధి కాదు. పుట్టుకతో, అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తుంది. కలిసి తినొచ్చు, పక్కన పడుకోవచ్చు. గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ కాబట్టే కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న దీని నిర్మూలనకు ప్రత్యేక మిషన్ మొదలుపెట్టింది.

మరి నీళ్ళు తాగాలని తెలిసినా ఎందుకు తాగం? గుర్తుండదు. లండన్‌లో 96 మంది మీద చేసిన పరిశోధన 2009లో వెలువడింది. రోజూ జరిగే ఒక పనికి జోడించి చేస్తే, కొత్త పని అలవాటు కావడానికి సుమారు 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా నష్టం లేదట, మర్నాడు మళ్ళీ చేస్తే చాలు.

మనకైతే గంట ఉండనే ఉంది! లేచే గంటకు, స్టడీ గంటకు గ్లాసెడు నీళ్ళు. భోజనం గంటకు సబ్బుతో చేతులు. ఆదివారం దుప్పట్లు ఎండలో. పక్కవాణ్ణి కూడా లేపి చేయిస్తే ఇద్దరికీ గుర్తుంటుంది.

వార్డెన్ గారికి ఒక మనవి. బయటికి పోతానని అడగడానికి భయపడి చాలామంది నీళ్ళు మానేస్తున్నారు. సికిల్ సెల్ ఉన్నవాళ్ళ మూత్రపిండాలు నీటిని సరిగా ఆపలేవు. వాళ్ళు ఎక్కువసార్లు పోవాల్సిందే, రాత్రిపూట కూడా. దయచేసి అడగ్గానే పంపండి.

మిత్రులారా, నొప్పి వస్తే దాచకండి, వెంటనే చెప్పండి. రేపు లేచే గంటతోనే మొదలుపెడదాం.

– 9వ తరగతి విద్యార్థి