ఫ్యూజు ఎక్కడ పోయింది?

జనవరిలో ఘాజియాబాద్ పొగమంచు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి ఒక ఉదయం వసుంధర నుంచి బడికి వస్తూ హిండన్ వంతెన మీద బండికి బ్రేకు వేశాను. వెనక వస్తున్న టెంపో నా బండికి జానెడు దూరంలో కీచుమంటూ ఆగింది. డ్రైవరు దిగి వచ్చి, "భాయీసాబ్, బ్రేక్ లైట్ నహీ జల్‌తీ క్యా?" అన్నాడు. ఇంకా కొన్ని మాటలు కూడా అన్నాడు కానీ అవి బడి పత్రికలో రాసేవి కావు.

బండి పక్కకు తీసి చూశాను. బ్రేక్ లైటు లేదు. హారన్ లేదు, ఇండికేటర్లు లేవు, న్యూట్రల్ దీపం లేదు. ఇంజను మాత్రం హాయిగా తిరుగుతోంది, హెడ్‌లైటూ వెలుగుతోంది. బ్యాటరీ పక్కన ఉన్న చిన్న డబ్బా విప్పితే గాజు ఫ్యూజులో సన్నతీగ కరిగిపోయి, గొట్టం లోపల నల్లగా మసిబారి ఉంది. రెండు నెలల్లో అది ఐదో ఫ్యూజు.

పిల్లలూ, సగం పని చేసి సగం పని చేయకపోవడం ఏమిటని మీకు అనుమానం రావాలి. మా బండి లాంటి పాత 100 సీసీ బండ్లలో కరెంటుకు రెండు దారులుంటాయి. ఇంజనుతో పాటు మాగ్నెటో అనే చక్రం తిరుగుతుంది. దాని లోపలి అంచున అయస్కాంతాలు, మధ్యలో కదలకుండా రాగితీగ చుట్టిన కాయిళ్ళు. అయస్కాంతం కదిలితే పక్కనున్న తీగచుట్టలో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే చూపించాడు కదా, అదే ఇక్కడ జరిగేది. ఒక కాయిలు స్పార్క్ ప్లగ్గుకు నిప్పు అందిస్తుంది. ఇంకొకటి హెడ్‌లైటును వెలిగిస్తూ, మిగిలినది బ్యాటరీలోకి పంపుతుంది. బండి ఆగి ఇంజను నెమ్మదించినప్పుడు హెడ్‌లైటు మసకబారడం మీరు చూసే ఉంటారు. అది నేరుగా మాగ్నెటో మీద ఆధారపడిందనడానికి అదే గుర్తు. రెండో దారి బ్యాటరీ నుంచి మొదలై, ఫ్యూజు గుండా, తాళంచెవి స్విచ్చి గుండా వెళ్ళి హారన్‌కూ ఇండికేటర్లకూ బ్రేక్ లైటుకూ చేరుతుంది. ఫ్యూజు పోతే ఈ దారి ఒక్కటే మూసుకుపోతుంది. బండి నడుస్తూనే ఉంటుంది కాబట్టి నడిపేవాడికి ఏమీ తెలియదు. (కొత్త బండ్లలో చాలావాటికి హెడ్‌లైటు కూడా బ్యాటరీ మీదే. వాటి లెక్క వేరు.)

ఈ బండిని మా నాన్నగారు 2012లో కాకినాడలో కొన్నారు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక నాకు ఇచ్చేశారు. అది నాతో జబల్‌పూర్ వెళ్ళింది, సిల్చర్ వెళ్ళింది, ఇప్పుడిక్కడికి వచ్చింది. మొదట ఏపీ 05గా ఉన్న నంబరు ఇప్పుడు యూపీ 14. మీలో కొందరి ఇళ్ళలో కొత్త బండ్ల నంబరులో బీహెచ్ అనే అక్షరాలుంటాయి. తరచూ బదిలీ అయ్యే మనలాంటివాళ్ళకోసం 2021లో వచ్చిన పద్ధతి అది. నాన్న బండికి ఆ భాగ్యం లేదు.

రిపేరు కోసం తిరగడం మొదలుపెట్టాను. ఒకచోట హారన్ మార్చారు. ఒకచోట బ్యాటరీ మార్చారు, 1,200 రూపాయలు. మూడోచోట చేసింది వినండి: ఫ్యూజు తీసేసి, రెండు కొనలనూ లావుపాటి రాగితీగతో కలిపేశారు. "ఇక ఎప్పటికీ పోదు సార్" అని భరోసా కూడా ఇచ్చారు. నిజమే, ఫ్యూజు పోదు. పోయేది ఇంకేదో!

పదో తరగతి వాళ్ళు ఓమ్ నియమం గుర్తు తెచ్చుకోండి. బ్రేక్ లైటు బల్బు 21 వాట్లది, బ్యాటరీ 12 వోల్టులది. 21ని 12తో భాగిస్తే 1.75 ఆంపియర్లు. ఇది మామూలు వాడకం. అదే కరెంటు తీగ తొడుగు చిరిగి బండి ఇనుప చట్రానికి తగిలిందనుకోండి. అప్పుడు మధ్యలో బల్బు లేదు, నిరోధం దాదాపు లేదు. అది 0.1 ఓమ్ ఉన్నా 12ని 0.1తో భాగిస్తే 120 ఆంపియర్లు. మా బండి ఫ్యూజు 10 ఆంపియర్లది, అందుకే రెప్పపాటులో కరిగి దారి తెంచేస్తుంది. ఆ ఫ్యూజు స్థానంలో లావు తీగ పెడితే, కరగాల్సిన వేడంతా సీటు కింద, పెట్రోలు ట్యాంకు కింద ఉన్న తీగల్లో పుడుతుంది. ఆ రాగితీగను ఇంటికి రాగానే పీకేశాను. ఆ షాపుకు మళ్ళీ వెళ్ళలేదు.

"కాటాకు వేసెయ్యండి మాస్టారూ" అన్నారు తోటి ఉపాధ్యాయులు. ఢిల్లీ చుట్టుపక్కల పెట్రోలు బండ్లకు పదిహేనేళ్ళ గడువు అనే మాట మీ ఇళ్ళలోనూ వినే ఉంటారు. వాళ్ళు చెప్పింది లెక్క ప్రకారం సబబే. నాకే మనసు ఒప్పలేదు.

మా వీధి చివర చెట్టు కింద పనిచేసే ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు. షాపు లేదు, బోర్డు లేదు. ఆయన నా మాట మొత్తం విని కొత్త సామాను ఏదీ కొనమనలేదు. పాత బ్రేక్ లైటు బల్బుకు రెండు తీగలు అతికి నా చేతిలో పెట్టి, "ఫ్యూజు ఉండే చోట దీన్ని తగిలించండి. ఇది మండుతున్నంతసేపూ దొంగ ఇంట్లో ఉన్నట్టే" అన్నాడు హిందీలో.

ఈ ఉపాయం ఎంత బాగుందో చూడండి. షార్టు అయినా సరే, కరెంటు ఆ బల్బు గుండానే పోవాలి కాబట్టి 1.75 ఆంపియర్లు దాటదు. తీగలు కాలవు, ఫ్యూజులు వృథా కావు. పైగా బల్బు కబురు చెబుతుంది. తాళంచెవి తిప్పాక న్యూట్రల్ దీపం ఒక్కటే వెలిగితే అది తీసుకునేది చాలా తక్కువ, మన బల్బు వెలగదు. బ్రేకు తొక్కితే రెండు 21 వాట్ల బల్బులు వరసలో పడి వోల్టేజిని చెరి సగం పంచుకుంటాయి, రెండూ మసకగా వెలుగుతాయి. ఇవన్నీ ఆరోగ్య లక్షణాలే. ఏదీ నొక్కకుండానే మన బల్బు నిండుగా వెలిగిందా, ఎక్కడో తీగ చట్రానికి తగిలినట్టు.

ఆదివారం బండికి స్టాండు వేసి, బల్బు తగిలించి, గంటసేపు కూర్చున్నాను. వెలగదే! హారన్ నొక్కాను, ఇండికేటర్లు వేశాను, సీటు కింది తీగల కట్టను పట్టుకుని ఊపాను. ఊహూ.

మా అపార్ట్‌మెంటులోనే ఉండే పదో తరగతి అమ్మాయి చాలాసేపు చూసి, "సర్, ఫ్యూజు పోయినట్టు వంతెన మీద తెలిసింది కదా, మరి పోయింది ఎక్కడ?" అంది.

నేను అప్పటిదాకా ఆలోచించనిది అదే. పోవడం వేరు, పోయినట్టు తెలియడం వేరు. ఐదుసార్లూ ఎక్కడ తెలిసిందో గుర్తు చేసుకుని రాశాను: వంతెన మీద, మోహన్ నగర్ కూడలిలో, బడి గేటు దగ్గర. ఒకదానికొకటి పొంతన లేదు. ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది, పొద్దున్నే మొదట ఏం చేస్తారని. సెల్లారులోంచి బండి బయటికి తీస్తాను. అక్కడ దారి ఇరుకు. ఇంజను ఆన్‌లో పెట్టి, హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పి...

తిప్పాను. బల్బు భగ్గున వెలిగింది. కుడికి తిప్పితే ఆరింది. ఇద్దరం ఓ పదిసార్లు తిప్పి ఉంటాం, అవసరం లేకపోయినా.

ఇక దొరకడం ఎంతసేపు! బ్యాటరీ తీగలు విప్పేశాం, మైనస్ వైపుది ముందు. ఎందుకంటే చట్రమంతా మైనస్‌కు కలిసి ఉంటుంది. ప్లస్ వైపు ముందు విప్పుతూ పానా చట్రానికి తగిలితే అదే ఇంకో షార్టు. తరువాత ట్యాంకు తీసి, హ్యాండిల్ మెడ దగ్గర తీగల కట్ట విప్పాను. పైన నల్లటేపు. దాని కింద ఎర్రటేపు, అది సిల్చర్‌లో చుట్టించింది. దాని కింద జిగురు కారుతున్న పాత టేపు, జబల్‌పూర్‌ది. అన్నిటికన్నా లోపల, నాన్న కొన్ననాటి తొడుగు. అందులో నల్లతీగ ఒకవైపు అరిగి రాగి మెరుస్తోంది. ఇంట్లో నల్లతీగ న్యూట్రల్, మా బండిలో మాత్రం తాళంచెవి నుంచి కరెంటు మోసేది అదే. అందుకే, పిల్లలూ, రంగు చూసి తీగను నమ్మకూడదు.

అరగడానికి కారణమూ అక్కడే కనిపించింది. కట్టను పట్టి ఉంచే క్లిప్పు లేదు. ఇక్కడికి వచ్చేముందు రైల్లో పంపడానికి ట్యాంకులో పెట్రోలు తీసేసి, గోనెపట్టా చుట్టి, హ్యాండిల్‌ను బలవంతంగా ఎడమకు వంచి తాడుతో బిగించాం. దగ్గరుండి బిగించమన్నది నేనే. అన్ని రోజులూ ఆ తీగ ఇనుముకు ఒరుసుకుంటూ వచ్చింది. పాత ఊళ్ళలో బండి బయటికి తీయడానికి అంతగా తిప్పాల్సిన పని లేకపోయేది. ఇక్కడ రోజూ తిప్పాలి.

అరిగిన ముక్క కత్తిరించి, కొత్త ముక్క అతికి, వేడికి బిగుసుకునే తొడుగు వేశాం. ఇటూ అటూ పూర్తిగా తిప్పినా లాగకుండా కొంచెం వదులు ఉంచి, కొత్త క్లిప్పుతో కట్టాం. అన్నట్టు, ఇదంతా 12 వోల్టుల సంగతి. ఇంటి 230 వోల్టుల జోలికి ఈ ధైర్యంతో వెళ్ళకండి. బండి దగ్గర పెట్రోలు వాసన వస్తుంటే అసలు మొదలే పెట్టకండి.

ఆ ఆదివారం వేసిన 10 ఆంపియర్ల ఫ్యూజే ఇంకా ఉంది. బల్బు తిరిగి ఇవ్వబోతే ముసలాయన తీసుకోలేదు. అది బండి డబ్బాలోనే ఉంటోంది. మళ్ళీ బదిలీ కాగితం వచ్చినప్పుడు హ్యాండిల్ నిటారుగా ఉంచి కట్టించాలని ఆ డబ్బా మూత లోపల రాసి పెట్టుకున్నాను.